సుమ్మన మార్కులు

మా బావ పోయాడు. శివరాత్రి మర్నాడు, అమావాస్య మధ్యాహ్నం, ఆదోనిలో తన ఇంట్లో, అన్నం తిని కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. నేనప్పుడు ఎమ్మిగనూరు బస్టాండులో, ఆయన దగ్గరికే వెళ్ళడానికి ఆదోని బస్సెక్కి కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నాను. అక్క ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. "తమ్ముడా, మీ బావ ఆట ఆపకుండానే పోయినాడప్పా" అంది. ఏ టీ అంగడికో వెళ్ళి ఉంటాడనుకుని, "వస్తాడులే అక్కా, నేను బస్సులో ఉండాను" అన్నాను. "రాడు" అంది. ఆ ఒక్క మాట అన్న తీరులో నాకు అంతా తెలిసిపోయింది. బస్సు కదిలింది. ఆ దారిలో బయట ఏం కనిపించిందో నాకిప్పటికీ గుర్తు లేదు.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆదోని పత్తి యార్డులో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఆయన పత్తి బేరాల గురించే చెబుతారు. రెండో సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా అక్కా. ఈ పదేళ్ళలో వచ్చిన టూడీ వీడియో ఆటల్లో ఏది గొప్పది, దాని తర్వాతది ఏది అని తేల్చడానికి మా బావ పడినంత యాతన పత్తి కొనడానికి కూడా పడలేదు. నవ్వొస్తే నవ్వండి. ఆయనకీ వచ్చేది.

యాభై దాటిన పత్తి వ్యాపారికి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఇంట్లోనే కూర్చుని పత్తి ధరలు చూసుకోవచ్చని ఎవరో చెబితే కంప్యూటర్ కొన్నాడు. దాన్ని పాత టీవీకి తగిలించిన కుర్రాడు అందులో ఒక ఆట కూడా వేసి పోయాడు. ధరలు చూడటం నెలలోపే మానేశాడు. ఆట మానలేదు. మనిషి వెనకాల మనిషి, వీధి వెనకాల వీధి నిజంగా ఉన్నట్టు కనిపించే కొత్తరకం ఆటలు ఆయనకి పడేవి కావు, తల తిరిగేది. బొమ్మ ఎడమ నుంచి కుడికి పోయే ఆటలే ఇష్టం. వాటికి మా అక్క 'పక్కాటలు' అని పేరు పెట్టింది.

"యార్డులో రోజంతా మనుషుల ఎనకా ముందూ సూసి సూసి అలిసిపోతానప్పా" అనేవాడు బావ. "వీళ్ళకు ఎనకా లేదు, ముందూ లేదు. పక్క ఒక్కటే. వీళ్ళేం మోసం సేస్తారు, పాపం?"

వాళ్ళింట్లో అమావాస్య నాడు సరుకు కొనరు. అది వాళ్ళ తాతల నాటి పట్టింపు. నేను ఎమ్మిగనూరులో సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి, మధ్యాహ్నాలు ఖాళీ. అందుకని అమావాస్య వచ్చిందంటే నేను బస్సెక్కేవాణ్ణి. అక్క చేతి టీ తాగి, బావా నేనూ వెనక గదిలో చేరేవాళ్ళం. ఆ గది కిటికీ రెక్కలు ఎప్పుడూ మూసే ఉండేవి. ఆ సందులోంచి ఎండ గీతలా పడేది. పత్తి సీజన్లో పక్క జిన్నింగ్ మిల్లు దూది నలుసులు ఆ గీతలో మెల్లగా తేలుతుండేవి. కింద పడేవి కావు, పైకీ పోయేవి కావు. ఆ గదిలోకి వెళ్ళిన కొత్తలో నాకు ఊరికే వెనక్కి తిరిగి చూడాలనిపించేది.

ఆటలకి ఇంగ్లీషు పేర్లు ఉండేవి. అవి బావకి నచ్చక అన్నిటికీ తనే పేర్లు పెట్టాడు. మిద్దెల మీద దూకే దొంగది 'మిద్దెదొంగ'. వానలో గొడుగేసుకుని నడిచే పెద్దమనిషిది 'గొడుగాయన'. గనిలో తప్పిపోయిన చిన్నపిల్లది 'బొగ్గుపిల్ల'. ఇవి గాక తేళ్ళకోట, ఇంకా చాలా ఉన్నాయి. ప్రతి అమావాస్యకీ వరస మారేది. ఎక్కడా రాసుకోలేదు. ఇద్దరం గొంతు చించుకుని వాదించుకోవడం, పోయిన నెల ఏది ఎన్నోదన్నామో దాని మీద మళ్ళీ వాదించుకోవడం.

నాకు వేగం ఇష్టం. దూకుడు, పరుగు, చేతి వాటం. మిద్దెదొంగ ఒకటో ఆట అని నేను మొదటి నుంచీ అంటున్నాను. బావ దాన్ని ఏడు దాటి పైకి రానివ్వలేదు. ఆయన లెక్క వేరు. యార్డులో పత్తి బోరెంలో, అంటే పెద్ద గోనె మూటలో, చెయ్యి దూర్చి, గుప్పెడు దూది తీసి, రెండు వేళ్ళ మధ్య పింజ సాగదీసి, కళ్ళు మూసుకుని రకం చెప్పేవాడు కదా, ఆటకి కూడా అలాంటి పరీక్ష ఒకటి పెట్టాడు. ఆడుతూ ఆడుతూ చప్పున చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇక ఏ మీటా నొక్కకూడదు. మాట్లాడకూడదు. ఆడించేవాడు లేనప్పుడు ఆ బొమ్మ ఏం చేస్తుందో చూడాలి.

దీనికి ఆయన పెట్టిన పేరు 'సుమ్మన'. కన్నడ వాళ్ళ మాట, మా వైపు అందరి నోట్లోనూ ఉంటుంది. ఊరికే, ఏమీ చేయకుండా అని అర్థం. "బొమ్మలు బాగుండాయి, పాట బాగుండాది, అన్నీ సరే. సుమ్మన ఎట్లుండాది?" అని అడిగేవాడు. సుమ్మన మార్కులే అసలు మార్కులు.

"సూడు బామ్మర్దీ, నీ దొంగను సూడు" అన్నాడొకసారి, చేతులు తీసేసి. "కొయ్యబొమ్మ. ఊపిరే లేదు. నువ్వు ఆడిస్తేనే వాడుండాడు. నువ్వు లేకుంటే వాడు లేడు. అట్లాంటోనికి ఒకటో నంబరు ఎట్లిస్తావు?"

"దొంగ అంటే కదలకుండా ఉండాల గదా బావా, దొరికిపోడా?" అన్నాను.

"దొంగయినా ఊపిరి తీసుకోవాల గదప్పా" అన్నాడు.

బొగ్గుపిల్ల ఆరో స్థానంలో ఉండేది. ఒకరోజు టీ గ్లాసులు తెచ్చిన అక్క తెర వైపు చూసి, "పాపం, సలికి సేతులు రుద్దుకుంటాంది పిల్ల" అంది. ఇద్దరం చూశాం. నిజమే. వదిలేసి ఉన్న ఆ పిల్ల, మేం గమనించకుండానే, అరచేతులు రుద్దుకుని నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. బావ అక్కడికక్కడే మూడో స్థానానికి ఎక్కించాడు. అక్క మాట కాదనడం నాకు చేతకాక నేనూ ఒప్పుకున్నాను.

గొడుగాయన సంగతి వేరు. ఆ మధ్యాహ్నం చేతులు తీసి చాలాసేపు కూర్చున్నాం. ఆయన గొడుగు దులుపుకున్నాడు, వాన చూశాడు, అంతే. లోపలి నుంచి అక్క ఏదో అడిగితే ఇద్దరం తలుపు వైపు తిరిగి జవాబు చెప్పాం. మళ్ళీ తెర చూస్తే మనిషి లేడు. గొడుగు ఒక్కటే నేల మీద, తెరిచిపెట్టినట్టు. వాన పడుతూనే ఉంది.

"నన్నడగకుండా పోయినాడు సూడు" అన్నాడు బావ, గొంతు బాగా తగ్గించి.

మీట నొక్కితే కుడి అంచు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి గొడుగు అందుకున్నాడు. ఆట చేసినవాళ్ళు అలా చేశారని నాకు తెలుసు, బావకీ తెలుసు. అయినా ఆ తర్వాత ఎన్నో నెలలు, పత్తి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "యాడికి పోయింటాడు బామ్మర్దీ ఆయప్ప?" అనేవాడు. గొడుగాయనకి రెండో స్థానం అలా వచ్చింది.

ఒకటో స్థానం ఖాళీ. పదేళ్ళూ ఖాళీగానే ఉంచాడు. "పొద్దున్నే వచ్చిన లాటును పట్టుకోని ఇదే ఒకటో రకం అంటే ఎట్లా? ఎనక బండిలో ఏమొస్తాదో ఎవురికి తెలుసు?" అనేవాడు. అందులో వ్యాపారం తెలివి ఉంది. ఒక రకమైన భయం కూడా ఉందేమోనని నాకిప్పుడు అనిపిస్తోంది.

చివరికి ఆ ఖాళీకి దగ్గరగా వచ్చినవాడు మూటప్ప. అది కూడా బావ పెట్టిన పేరే. వీపు మీద పత్తి బోరెమంత మూట మోసుకుని, ఒక ఖాళీ ఊళ్ళో వీధి వెంట వీధి నడిచే మనిషి. ఆ ఊళ్ళో ఎవరూ ఉండరు. తలుపులన్నీ మూసి ఉంటాయి. అక్కడక్కడా రాతి దీపస్తంభాలు కనిపిస్తాయి. ఆ స్తంభం దగ్గర మూట దించి, మోకాళ్ళ మీద కూర్చుని దీపం వెలిగిస్తేనే అంతవరకు ఆడిన ఆట సేవ్ అవుతుంది. తర్వాత ఎక్కడైనా పడి చచ్చాడంటే, చివరగా వెలిగించిన దీపం దగ్గరే మళ్ళీ లేస్తాడు. మధ్యలో నడిచిందంతా పోయినట్టే.

ఇక్కడ మా అక్క చేసిన పొరపాటొకటి చెప్పాలి. మేం పుట్టి పెరిగింది మంత్రాలయంలో. గుడి పక్కనే మా నాన్నకి పూజాసామాన్ల అంగడి ఉండేది. మా చెవుల్లో పొద్దున లేచింది మొదలు సేవ అన్న మాటే పడేది. పొద్దుటి సేవ, పల్లకి సేవ, ఎవరి సేవ అయింది, ఎవరిది కాలేదు. పెళ్ళయి ఆదోని వచ్చిన అక్కకి, వెనక గదిలోంచి బావ "ఉండు, సేవ్ సేసి వస్తా" అని కేకేస్తే, అది "సేవ సేసి వస్తా" అని వినపడేది. పైగా తెర మీద మూటప్ప దీపం పెడుతూ కనిపించాడు. ఇక అనుమానం ఏముంది? యార్డు నుంచి ఎవరైనా వస్తే, "కూచోండప్పా, ఆయన సేవలో ఉండాడు" అనేది. వచ్చినవాళ్ళు చెప్పులు వాకిట్లోనే వదిలి, ఎంతో గౌరవంగా మాట్లాడకుండా కూర్చునేవాళ్ళు.

నేను నవ్వు ఆపుకోలేక అక్కకి అసలు సంగతి చెప్పబోతే బావ నా చెయ్యి నొక్కాడు. "సెప్పొద్దులేప్పా. తేడా ఏముండాది? దీపం పెడతాండాం గదా" అన్నాడు. అంత తేలిగ్గా ఎదుటివాళ్ళ పొరపాటుని గౌరవించే మనిషిని నేను ఆయన తర్వాత చూడలేదు. ఎప్పుడైనా ఏ పిల్లవాడైనా తప్పు చెబితే, దిద్దే ముందు ఒక్క క్షణం ఆగడం నాకు ఆయన దగ్గరే వచ్చింది. ఆ మేలు ఆయనకి చెప్పలేదు. బావకి అలాంటివి చెబితే వెక్కిరిస్తాడని.

మూటప్పని సుమ్మన వదిలేస్తే మూట దించి దాని మీద కూర్చుంటాడు. భుజాలు లేస్తాయి, దిగుతాయి. అంతే. కాని అది నిజం ఊపిరిలాగే ఉంటుంది. ఒక అమావాస్య నాడు తెర చూస్తూ చూస్తూ పక్కకి చూశాను. బావ ఛాతీ కూడా అదే లయలో లేస్తోంది, దిగుతోంది. కళ్ళు తెర మీదే ఉన్నాయి. "బావా" అన్నాను. ఆయన ఊపిరి ఆగింది. తెర మీద వాడి భుజాలూ ఆగాయి. తర్వాత ఇద్దరూ ఒకేసారి మళ్ళీ తీసుకున్నారు. ఆ బొమ్మ అప్పుడప్పుడూ అలా ఆగుతుందని తర్వాత నేనే కనిపెట్టాను. అయినా ఆ పూట నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. టీ అడిగే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

"మనం సూస్తాండంగా ఏం సేస్తాడనేది సరే" అన్నాడు బావ ఇంకోసారి. "మనం గదిలోనే లేకుంటే ఏం సేస్తాడు?" ఆ అనుమానం తీర్చుకోవడానికి ఇద్దరం చెప్పులేసుకుని, కావాలని చప్పుడు చేస్తూ బయటికి పోయాం. ఇల్లు చుట్టి వచ్చి, మండుటెండలో, గోడకి ఆనుకుని కిటికీ సందులోంచి చూశాం. ఎవరైనా చూస్తే ఇద్దరినీ దొంగలనుకునేవాళ్ళు. గదిలో ఖాళీ కుర్చీలు. తెర మీద మూటప్ప కూర్చునే ఉన్నాడు. కాని తల ఎడమ పక్కకి తిరిగి ఉంది. ఆ గదిలో టీవీకి ఎడమ పక్కన ఉన్నది కిటికీయే. బావ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం లోపలికి వచ్చి నీళ్ళు తాగాం.

శివరాత్రి నాడు బావ ఫోన్ చేశాడు. ఉపవాసంలో ఉన్నాడు, జాగారం ఎలాగూ చేయాలి కాబట్టి ఆటలో కూర్చున్నానన్నాడు. మూటప్ప దారిలో తెగిన వంతెన ఒకటి ఉంది. దాన్ని దాటలేక మేం కొన్ని నెలలుగా ఆగిపోయాం. "వంతెన ముందర దీపం పెట్టి సేవ్ సేసినా. పొద్దు పోక సుమ్మన కూచుంటే, మూటప్ప మొగం తిప్పుతాండాడు బామ్మర్దీ. ఇంతవరకు సూడలే మనం. నా పక్కకే తిప్పుతాండాడు" అన్నాడు. గొంతులో సంతోషం తెలుస్తోంది. "రేపు రా. ఒకటోది తేల్చేద్దాం."

ఆయన నాతో అన్న చివరి మాట అది.

నేను వెళ్ళేసరికి బావని హాల్లో పడుకోబెట్టారు. జనం నిండి ఉన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని నేరుగా వెనక గదికి తీసుకుపోయింది. కుర్చీ ఖాళీగా ఉంది. టీవీ వెలుగుతోంది. మూటప్ప వంతెనకి అవతలి పక్కన ఉన్నాడు. అమావాస్య మధ్యాహ్నం బావ వంతెన దాటేశాడన్నమాట. దాటి, అలిసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడన్నమాట. వాడు మూట మీద కూర్చుని, ఖాళీ కుర్చీ వైపు ముఖం తిప్పి ఉన్నాడు. ఆ ముఖం ఎదురుగా చూడటం నాకదే మొదలు. కళ్ళున్న చోట రెండు చుక్కలు, ఇంకేమీ లేదు. భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి.

"ఊపిరి తీసుకుంటాండాడు సూడు" అంది అక్క. అప్పుడు ఏడ్చింది.

అయ్యవారు పంచాంగం చూసి, పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. కర్మలు కాగానే ఇల్లు ఖాళీ చేసి, కరెంటు తీసేసి, తాళం వేయాలి. కొన్ని నెలలు ఎవరూ గడప తొక్కకూడదు. అక్కని నేను ఎమ్మిగనూరు తీసుకుపోవాలి. ఇవన్నీ అక్క తల వంచుకుని ఒప్పుకుంది. ఒక్కటే ఒప్పుకోలేదు. బావ వాళ్ళన్న, ఇంటికి పెద్దాయన, చావు ఇంట్లో ఆ బొమ్మలాటేమిటని స్విచ్చి మీద చెయ్యి వేస్తే అక్క అడ్డం నిలబడింది.

"సేవ కాలేదు. సేవ కాకుండా ఎట్లా ఆపుతారు?" అంది.

పెద్దాయన నా వైపు చూశాడు. నేను చెప్పాను. మూటప్ప ఇంకో దీపం దగ్గరికి చేరి దాన్ని వెలిగించకుండా ఆపేస్తే, బావ ఆ మధ్యాహ్నం నడిచిందంతా ఉండదు. వంతెన దాటింది కూడా. ఆయన చేతులతో చేసిన చివరి పని అదే. పెద్దాయన కాసేపు ఆ బొమ్మని చూసి చెయ్యి తీసేశాడు. "తాళం ఏసే లోపల ఏమన్నా సేసుకోండప్పా" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజులన్నీ టీవీ వెలుగుతూనే ఉంది. కరెంటు పోయినప్పుడల్లా, ఇన్వర్టర్ దానికి సరిపోవాలని అక్క ఇంట్లో ఫ్యాన్లన్నీ కట్టేసేది. వచ్చిన చుట్టాలు ఉక్కకి విసనకర్రలు విసురుకుంటూ గొణుక్కునేవాళ్ళు. అక్క పట్టించుకోలేదు. కాకికి పెట్టిన ముద్ద కాకి తిన్నాక, ఆ గదిలోకి వచ్చి టీవీ ముందు మజ్జిగ గ్లాసు ఒకటి పెట్టి పోయేది. సాయంత్రం దాన్ని తనే తీసేది. అది నిండుగా ఉందో లేదో నేను చూడలేదు, చూడాలనుకోలేదు.

తాళం వేసే రోజు ముందటి మధ్యాహ్నం చుట్టాలంతా పడుకున్నాక, నేనూ అక్కా ఆ గదిలో కూర్చున్నాం. కుర్చీలో ఎవరం కూర్చోలేదు, నేల మీదే కూర్చున్నాం. నాకు ఆట వచ్చు, కాని బావంత రాదు. వంతెన నేనెప్పుడూ దాటలేదు. దాని అవతల ఏముందో తెలియదు. ఒకే ఒక్క అవకాశం. వేలు మీట మీద పెట్టగానే మూటప్ప ముఖం తిప్పుకున్నాడు. లేచి మూట వీపున వేసుకున్నాడు. అక్క ఉలిక్కిపడి నా భుజం పట్టుకుంది.

"యాడికి పోవాల?" అంది.

"ఎనక్కి పోతే వంతెన మల్లా దాటాల. ఆ పక్క దీపముండాది. ముందుకు పోతే ఏముందో తెల్దు."

"ఎనక్కొద్దు. పోయినోళ్ళు ఎనక్కి సూడకూడదు. ముందుకే పో."

ముందుకే నడిపించాను. ఖాళీ వీధి. మూసిన తలుపులు. అరుగులు. దీపం ఎక్కడా కనిపించలేదు. అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూత మొదలైంది, బాటరీ అయిపోవచ్చిందని. తొందరపడ్డాను. వీధి చివర ఒక తలుపు సగం తెరిచి ఉంది. ఆ ఆటలో తెరిచిన తలుపు చూడటం అదే మొదటిసారి. దీపం లోపలుంటుందనుకున్నాను. లోపల నేల లేదు. మూట ముందు పడింది, తర్వాత వాడు. తెర నల్లబడింది.

ఆయన చివరి మధ్యాహ్నాన్ని నా చేతులతో పోగొట్టాను. అక్క వైపు చూసే ధైర్యం లేదు. తర్వాత చీకట్లో ఒక దీపం వెలిగింది. దాని కింద మూటప్ప లేచి, ఒళ్ళు విరుచుకుని నిలబడ్డాడు.

"ఇది యాడ?" అంది అక్క.

"వంతెనకు ఈ పక్క. శివరాత్రి నాడు బావ సేవ్ సేసిన సోటు."

"మర్నాడు నడిసిందంతా?"

"పోయిందక్కా. దీంట్లో ఇంక అది లేదు."

"అమావాస్యే లేదా?"

ఆ ప్రశ్న నాకు వెంటనే ఎక్కలేదు. "లేదు" అన్నాను. అని, ఇంకోసారి ఆడతాను, వంతెన నేనే దాటిస్తాను అంటూ మీట మీద చెయ్యి వేశాను.

"సుమ్మనుండు" అంది అక్క.

చేతులు తీసేశాను. ఇద్దరం ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాం. మూటప్ప మూట దించి దాని మీద కూర్చున్నాడు. దీపం కదలకుండా వెలుగుతోంది. అక్క ముఖంలో అన్నాళ్ళ బిగువు కొంచెం కొంచెంగా సడలింది. నాకది చూస్తే బావ చనిపోయినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

"అయితే ఈడ మీ బావ ఇంకా ఉపాసంలోనే ఉండాడు" అంది మెల్లగా. "రేపు నువ్వొస్తావని సూస్తాండాడు."

"అక్కా..."

"దాటించొద్దు. దాటిస్తే మల్లా పోతాడు. సేవ అయ్యేవుండాది గదా, దీపం ఎలుగుతాంది. ఇంక ఆపు."

నా చేత్తో ఆపలేకపోయాను. ఏ మీట నొక్కాలో చూపించాను, తనే నొక్కింది. పొద్దున పెద్దాయన మెయిన్ స్విచ్చి తీసేసి, వాకిలికి తాళం వేశాడు. అక్క ఏడవలేదు. ఊరికి పోతూ ఇంట్లో ఉన్నవాళ్ళకి చెప్పినట్టు, మూసిన తలుపు వైపు తిరిగి "పోయొస్తాం" అంది.

వరస నేనే ముగించాలి ఇక. ఒకటో స్థానం మూటప్పది. గొడుగాయన రెండు, బొగ్గుపిల్ల మూడు. మిద్దెదొంగని ఏడు నుంచి ఒక మెట్టు పైకి జరుపుదామా అనుకున్నాను, అడిగేవాడు లేడు కదా అని. ధైర్యం చాలలేదు, ఏడులోనే ఉంచాను. బావా, నువ్వు లేకుండా వాదించడంలో రుచి లేదు. ఎదురు చెప్పు అని అడగడానికి కూడా మనిషి లేడు. ఇది ఇంత బాధ పెడుతుందని నాకు తెలియదు.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. చుట్టుపక్కల ఇళ్ళలో మగ్గాల చప్పుడు మొదట్లో నిద్ర పట్టనిచ్చేది కాదంది, ఇప్పుడు అలవాటు పడింది. ఆదోనిలో ఆ ఇల్లు తాళం వేసే ఉంది. వెనక గది కిటికీ రెక్కల సందులోంచి ఎండ ఇప్పుడూ పడుతూనే ఉంటుంది. ఆ వెలుగులో దూది నలుసులు తేలుతూ ఉంటాయి. కుర్చీ టీవీ వైపు తిరిగే ఉంటుంది.

నిన్న మళ్ళీ అమావాస్య. మధ్యాహ్నం అన్నం తిన్నాక నా కాళ్ళు వాటంతట అవే చెప్పుల దగ్గరికి పోయాయి. అక్క వసారాలో చేటలో బియ్యం ఏరుతోంది. "అమావాస్య గదక్కా, బస్సెక్కే రోజు" అన్నాను, నవ్వడానికి చూస్తూ. అక్క తలెత్తలేదు. రాయి ఒకటి తీసి పక్కన పడేసింది.

"మనకేప్పా అమావాస్య" అంది. "ఆ ఇంట్లో యాడొచ్చింది?"